వెనక మనిషి ఎక్కితేనే మూలిగే బండి

గురక పెట్టే ఇంజన్లు

"ఏం పని చేసి రిటైరయినవ్?" అని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ కొంచెం బెదురే. టీచరునంటే ఒక్క మాటతో అయిపోతుంది. నర్సునంటే వెంటనే చెయ్యి చాపి నాడి చూడమంటారు. నా పని చెప్పాలంటే మాత్రం ముందు ఎదుటివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టాలి. మోటార్‌సైకిల్ గాలి పీల్చుకునే దారిని గీయడం, ఆ పీల్చుకోవడంలో పుట్టే చప్పుడును తగ్గించడం. ఒక బండ్ల కంపెనీలో నా ఉద్యోగమంతా ఇదే.

జగిత్యాలలో మా ఆడబిడ్డ ఒకసారి చెవి దగ్గరికి వచ్చి అడిగింది. "వదినా, బండి గాలి గూడ పీలుస్తదా? పొగ ఇడుసుడే చూసినం గని."

"పీల్చకుండ ఇడుసుడు నీకైన చేతనైతదానే?" అన్నాను.

ఆమె కాసేపు ఊపిరి బిగబట్టి చూసి, చేతకాదని ఒప్పుకుంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు కూడా అంతకన్నా పెద్ద పాఠం అక్కర్లేదు. బండి చప్పుడంటే అందరూ సైలెన్సర్ వైపే చూస్తారు. సీటు కింద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో గాలిని వడకట్టే ఫిల్టర్, దానికి ముందు ఒక పొట్టి గొట్టం. దాన్ని నేను ముక్కు అంటాను. ఇంజన్ ఒక గుక్క గాలి లాగుతుంది, వెంటనే వాల్వు అనే తలుపు మూసుకుంటుంది, మళ్ళీ లాగుతుంది. డ్రైవర్ బ్రేకు కొట్టినప్పుడు బస్సులో నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలినట్టు, తలుపు పడ్డప్పుడల్లా గొట్టంలో గాలి తూలుతుంది. ఆ తూలుడే చప్పుడు. సూటిగా చెప్పాలంటే అది ఇంజన్ గురక. కొన్ని లక్షల బండ్ల గురక తగ్గించిన చేతులివి. మా ఆయన గురక దగ్గర మాత్రం ఓడిపోయాను. ఆయన డిజైన్ మార్చడానికి ఒప్పుకోలేదు.

ముక్కు సన్నగా చేస్తే చప్పుడు తగ్గుతుంది కాని ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పుతుంది. వెడల్పు చేస్తే ఉరుకుతుంది కాని ఊరంతా నిద్రలేస్తుంది. డబ్బా పెద్దదైతే చప్పుడు తగ్గుతుంది. ఆ చోటు కోసం బ్యాటరీవాళ్ళు, సీటువాళ్ళు, మడ్‌గార్డువాళ్ళు ఇల్లు పంచుకునే అన్నదమ్ముల్లా కొట్టుకుంటారు. వాళ్ళ పంపకాలయ్యాక మిగిలిన మూల మనకు. ఆ మూలలోనే కాపురం చెయ్యడం నేర్చుకోవాలి. మిగతా లెక్కలు కాలేజీలో చెప్తారు. ప్రమోషన్ల సంగతి ఎవరూ చెప్పకపోయినా తెలుస్తుంది.

సిరిసిల్లలో చెవులు

నేను పుట్టింది సిరిసిల్లలో, సాంచాల పక్క ఇంట్లో. మా దగ్గర పవర్‌లూమ్‌లను సాంచాలంటారు. మా నాయిన వాటి మధ్యే బతికాడు. షెడ్డులో మాటలు నడవవు. చేతులు, పెదవులు, కనుబొమ్మలతో సంసారాలు నడిచేవి. చిక్కంతా ఇంటికి వచ్చాక. అన్నం దగ్గర ఆయన ఉప్పు అడిగితే పక్కింటామె తెచ్చి ఇచ్చేది.

"మీ నాయిన గుసగుస పెట్టినా బస్టాండు దాకా ఇనవడ్తది. గీ ఇంట్ల ఒక్క ముచ్చట దాగదు," అని మా అమ్మ తల కొట్టుకునేది.

నవ్వుకునేవాళ్ళం. కాని నేను వెనక నుంచి "నాయినా" అని పిలిస్తే ఆయన తిరిగేవాడు కాదు. ముందుకు వచ్చి నిలబడాల్సిందే. చిన్నప్పుడు నా మీద కోపమేమో అనుకున్నాను. వినపడటం లేదని తెలిసేసరికి నేను పెద్దదాన్నయ్యాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో చప్పుళ్ళ విభాగమే ఎందుకని అడిగారు. ఉప్పు సంగతి చెప్పాను. వాళ్ళు నవ్వారు. ఉద్యోగం ఇచ్చారు. నవ్వినందుకు ఇచ్చారో, అర్థమై ఇచ్చారో నేను అడగలేదు.

మేము తయారుచేసిన బండి మీద ఇంటికి వెళ్ళి, వాకిట్లో స్టార్ట్ చేసి నిలబెట్టాను. నాయిన చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంజన్ చాలూ చెయ్యవా?" అని అరిచాడు.

"చాలూ అయింది నాయినా, ఎప్పుడో."

ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మొహం వికసించింది. "మంచిగున్నది. సప్పుడే లేదు," అన్నాడు. ఆయనకు లారీ చప్పుడూ అంతే వినపడుతుందని మా అమ్మ గొణిగింది. నాకు వచ్చిన మెచ్చుకోళ్ళలో దాన్నే అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను.

ముక్కు కోసిన మేనల్లుడు

జగిత్యాలలో మా మేనల్లుడు మహేష్ బ్యాంకులో పనిచేస్తాడు. పెళ్ళైనవాడు, బుద్ధిమంతుడు, ఒక్క బండి విషయంలో తప్ప. ఒకనాడు నా ముందుకు వచ్చి సగర్వంగా చెప్పాడు. "అత్తా, ఎయిర్ ఫిల్టర్ గొట్టం పీకేయించిన. పికప్ అదిరిపోయింది."

వాడు పీకేయించింది నేను నెలల తరబడి గీసిన ముక్కు. సొంత మేనల్లుడు. కోపాన్ని మింగి, కొత్త బస్టాండు దాటి బయటి రోడ్డుకు తీసుకుపోయాను. గొట్టంతో ఒకసారి, గొట్టం లేకుండా ఒకసారి ఒకే దూరం నడిపించి, నా ఫోనులో సమయం చూశాను. గొట్టం లేనప్పుడే కొంచెం వెనకబడ్డాడు.

"నీ ఫోన్ తప్పు జూపెడ్తున్నది," అన్నాడు.

"మీ బ్యాంకుల గూడ గిట్లనే లెక్కలు చేస్తర్రా?"

ఈ జబ్బు చాలామందికి ఉంది. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు చెవి మనసుకు చాడీ చెప్తుంది. ముక్కు పొడవును ఇంజన్ ఊపిరికి సరిపోయేలా కొలిచి పెడతాం. అది పీకితే దుమ్ము నేరుగా ఫిల్టర్ మీద పడుతుంది, మిగిలేది కేకలే. మహేష్ గొట్టం తిరిగి పెట్టించాడు. నా మాట విని కాదు. వాళ్ళ పాప బండి చప్పుడుకు ఉలిక్కిపడి ఏడుస్తోందని కోడలు రెండు రోజులు మాట్లాడకపోతే పెట్టించాడు. మా విభాగం చేయలేని పనులు కోడళ్ళు చేస్తారు.

మీటరు నమ్మిన మనిషి

మా బాసు వెంకటరావు గారిది గొల్లపల్లి దగ్గరి ఊరు, ఒకప్పటి దొరల ఇల్లు. నాది సాంచాల ఇల్లు. మా ఊళ్ళలోనే ఉండి ఉంటే ఆయన అరుగు మీద, నేను వాకిట్లో. ఎక్కడో దూరపు నగరంలో, మా భాష ఎవరికీ రాని ఆఫీసులో, ఇద్దరం ఒకే బల్లకు అటూ ఇటూ పడ్డాం. మేము మంచీ చెడ్డా మాట్లాడుకుంటున్నా అక్కడివాళ్ళకు కొట్లాటలా వినపడేది. ఒకసారి సెక్యూరిటీ అతను తలుపు తోసుకుని వచ్చాడు కూడా. మేము అప్పుడు సర్వపిండి ఎలా కాల్చాలో మాట్లాడుకుంటున్నాం.

ఆయనకు చప్పుడు కొలిచే మీటరంటే ప్రాణం. "మీటరు చెప్పిందా పద్మమ్మా? చెప్పలే. అయితే సప్పుడు లేదు," అనేవాడు. దీన్ని వెక్కిరించడం సులువే, నేనూ చాలాసార్లు చేశాను. కాని న్యాయంగా చెప్పాలి. విడిభాగాలు అమ్మేవాళ్ళు తియ్యగా చెప్పే కబుర్లకు ఆయన ఏనాడూ పడలేదు. ఆ మీటరే ఆయన్ను కాపాడింది. దానికి ఉన్న లోపం ఒక్కటే. మనం ఎక్కడ పెడితే అక్కడే వింటుంది. లేచి నాలుగిళ్ళు తిరిగి రాదు.

ఇంకో గుణం చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే. తను పొరబడ్డానని తెలిస్తే నలుగురి ముందే ఒప్పుకునేవాడు. దొరతనం ఆయనకు నడకలో మిగిలింది, నాలుక మీద మిగలలేదు. అలాంటి బాసు దొరికితే వదలకండి.

కోరుట్ల ఫిర్యాదు

మా కొత్త మోడల్ బజారులోకి వచ్చి కొంత కాలమైంది. చప్పుడు పరీక్షలన్నీ నెగ్గిన బండి. ఒకరోజు మీటింగులో వెంకటరావు గారు ఒక షోరూము పంపిన ఫిర్యాదు తెలుగులోనే చదివి, అక్కడివాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పాడు. కోరుట్ల నుంచి. "నా భార్య ఎక్కితే బండి మూలుగుతుంది."

గది గదంతా నవ్వింది. "సర్వీసింగ్ ఎవరికి చెయ్యాలి?" అని ఒకరు. నాకూ నవ్వొచ్చింది, కాని "మూలుగుతుంది" దగ్గర ఆగిపోయింది.

ఇన్నేళ్ళలో నేను పట్టుకున్న సూత్రం ఒకటుంది. బండి నడిపేవాళ్ళు చెప్పే కారణాన్ని నమ్మవద్దు, వాళ్ళు వాడే క్రియను నమ్మండి. గలగలలాడుతోందంటే ఏదో మర వదులైంది. కీచుమంటోందంటే బ్రేకో చైనో. టకటకమంటే ఇంజన్ తల విప్పి చూడాలి. మూలుగుతోందని ఎవరన్నా అంటే అది గాలి. అంటే నా పని.

"సార్, నేను పోయి చూసి వస్త," అన్నాను.

"గొల్లపల్లిల మాకు పెండ్లి ఉన్నది. నేను గూడ వస్త. వాళ్ళ సంసారం జర సర్ది వద్దాం," అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే.

కోరుట్లలో ఆ ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. వాకిలి నిండా గంజులనే పెద్ద వంట గిన్నెలు, బారెడు గరిటెలు. గంగాధర్, సుజాత పెళ్ళిళ్ళకు వంటలు చేస్తారు. ఊళ్ళకు ఇద్దరూ బండి మీదే పోయేవాళ్ళు. మేము వెళ్ళేసరికి సుజాత మాకు వీపు పెట్టి ఉల్లిగడ్డలు కోస్తోంది. గంగాధర్ మాత్రం చుట్టాలొచ్చినట్టు సంబరపడి, కథ మొదలుపెట్టాడు. చాలాసార్లు చెప్పి నునుపెక్కిన కథ అని మొదటి వాక్యంలోనే తెలిసింది.

"నేనొక్కన్నే పోతే కిక్కురుమనదు సార్. మా ఆమె ఎక్కి జర దూరం పోయినమా, ఇగ 'హూఁ...' అని మూలుగుడు షురూ."

"చెప్పు, మంచిగ చెప్పు," అంది సుజాత, తిరగకుండానే. "కంపెనోల్లు ఒక్కలే మిగిలిండ్రు. ఆల్లకు గూడ చెప్పు."

గంగాధర్ గొంతు తగ్గింది. మిగిలిన కథ ఆమే చెప్పింది. మల్యాలలో ఒక పెళ్ళికి వంట చేసి ఇద్దరూ బయల్దేరుతుంటే, ఆమె సీటు మీద చెయ్యి వెయ్యగానే పెళ్ళికొడుకు దోస్తులంతా ఒక్కసారి నోటితో మూలిగారట. భర్త చెప్పిన ముచ్చట ఆమె కన్నా ముందే అక్కడికి చేరింది. ఆ రోజు నుంచి ఆమె బండి ఎక్కలేదు. గంజులతో పాటు ఆటోలో పోతోంది.

"నా చేతి పప్పు తిన్నోల్లే మేడం," అంది. "తిని, మూతి తుడుచుకోని, మూలిగిండ్రు."

అప్పటికి వెంకటరావు గారి నవ్వు పూర్తిగా పోయింది.

వెనక సీటు మీద సారు

ముందు వెంకటరావు గారు ఒక్కడే గంగాధర్ బండి తీసుకుని మెట్‌పల్లి రోడ్డున కొంత దూరం పోయి వచ్చాడు. మీటరు చూపించాడు. "ఏం లేదు పద్మమ్మా. వీణ లెక్కున్నది."

"సార్, మీరు జర వెనక కూసోండ్రి. గంగాధర్ నడుపుతడు."

"నేనా?"

"నేను కూసుంటే సరిపోను. బరువు కావాలె." ఆయన సుజాత కన్నా బాగా నిండైన మనిషి. నేను అంతకన్నా మర్యాదగా చెప్పలేకపోయాను.

గొల్లపల్లి దొరగారి వారసుడు వంటల గంగాధర్ వెనక, ఒళ్ళో మీటరు పెట్టుకుని, కోరుట్ల రోడ్డు మీద బయల్దేరాడు. తిరిగి వస్తూ హోటల్ మూల మలుపు తిరిగి వేగం పట్టగానే ఇంటి దాకా వినపడింది. కడుపులోంచి వచ్చినట్టు, లోతుగా, ఆగకుండా. మూలుగే. హోటల్ ముందు చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చారు.

"గంగన్నా! సారు ఎక్కినా మూలుగుతున్నదే!" అని ఒకడు కేకేశాడు.

సుజాత కత్తి ఆగింది. తల తిప్పి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, ఉల్లిగడ్డలకు కారిన నీళ్ళు ఇంకో రకంగా కారాయి.

వెంకటరావు గారు మెల్లగా దిగి, ప్యాంటు సర్దుకుని, మీటరు వైపు చూడకుండానే అన్నాడు. "ఉన్నదమ్మా. సప్పుడున్నది."

సంగతి ఇది. మనిషి ఎక్కితే అదే వేగానికి యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పాలి. లోపల గాలి తలుపు బార్లా తెరుచుకుంటుంది. తలుపు తీసి ఉన్న ఇంట్లో మాటలు వీధికి వినపడవా, అలాగే ఇంజన్ గురకంతా ముక్కులోంచి బయటికి వస్తుంది. ఒకానొక వేగం దగ్గర ఆ గుక్కల లయ, ఫిల్టర్ డబ్బాలో గాలి సహజంగా మోగే స్వరం ఒకటైపోతున్నాయి. పక్కనున్న పల్చటి సైడ్ కవర్ దానికి డప్పు వాయిస్తోంది. మా పరీక్షల్లో బండి నడిపేది బక్కపల్చటి మనిషి, ఒంటరిగా, చదునైన రోడ్డు మీద. నిబంధనల కోసం చేసే పరీక్షలో బండి ఆ వేగాన్ని రెప్పపాటులో దాటేస్తుంది. మూలగడానికి దానికి తీరిక ఇవ్వలేదు మేము. మన దేశంలో మోటార్‌సైకిల్ అంటే ఇద్దరు మనుషులు, ఒక సంచి. ఈ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ వెనక సీటు మీద కూర్చోలేదు.

సుజాతకు చెప్పాలని, జగిత్యాల వైపు రోడ్డులో ఎదురుగాలి బలంగా ఉన్న చోటికి గంగాధర్‌ను ఒక్కణ్ణే పంపాను. ఆమెను నా పక్కన నిలబెట్టుకున్నాను. ఒంటరిగా వచ్చిన బండి, గాలికి ఎదురు గుంజుతూ, మూలిగింది.

"చూసినవా చెల్లె? నీ బరువు కాదు. గాలికి గూడ మూలుగుతది."

ఆమె రోడ్డు వైపే చూస్తూ అంది. "నాకు సమజైంది అక్కా. గిది ఊరూరికి నువ్వు పోయి చెప్తవా?"

కారణం కనిపెట్టగానే పని అయిపోయిందనుకునే జబ్బు మా చదువుది. ఆమెకు కావలసింది కారణం కాదు.

చపాతీ పిండి

ఖాళీ సీసా మూతి మీద ఊదితే "బూఁ" అని మోగుతుంది. అందులో కొంచెం నీళ్ళు పోస్తే స్వరం మారుతుంది. మా పనిలో సగం విద్య ఆ సీసాలో ఉంది. ముక్కు గొట్టానికి పక్కన ఒక చిన్న మూసిన డబ్బా తగిలిస్తే, అది తనకు నచ్చిన ఒక్క స్వరాన్ని పట్టుకుని, దానికి ఎదురు ఊపిరి తీసి మింగేస్తుంది. డబ్బా పరిమాణం సరిగ్గా కుదరాలి, అంతే. ఆ "అంతే"లోనే ఉద్యోగాలు గడిచిపోతాయి.

ఫ్యాక్టరీకి పోయి చేయిద్దామన్నాడు వెంకటరావు గారు. అప్పటిదాకా ఆమె ఆటోలో పోవాలా అన్నాను. ఆయన చొక్కా చేతులు మడిచాడు. దగ్గరి మెకానిక్ షెడ్డులో గొట్టానికి రంధ్రం పెట్టించాం. సుజాత వంటింట్లోంచి ఒక ప్లాస్టిక్ పచ్చడి డబ్బా తెచ్చి, రబ్బరు పైపుతో కలిపి, సీటు పక్కన కట్టాం. పరిమాణం తగ్గించాలంటే లోపల ఏదైనా నింపాలి. నీళ్ళు కుదుపుకు తొణుకుతాయి.

"పిండి అయితదా అక్కా?" అంది సుజాత. చపాతీలకు తడిపిన పిండి గంజులో ఉంది.

అది గట్టిగా ఒక మూలకు అంటుకుని కూర్చుంది. ఫిల్టర్‌కు ముందే కాబట్టి ఇంజన్‌లోకి పోయే భయం లేదు. మొదటి ముద్ద పెట్టి పంపితే మూలుగు పోలేదు, ఇంకో వేగానికి మారింది. కొంచెం తీశాం. ఇంకోచోట మూలిగింది. మళ్ళీ పెట్టాం. ప్రతిసారీ వెనక సీటు మీద వెంకటరావు గారే.

"నా నడుం పోయింది పద్మమ్మా. ఇంకెవలనన్న కూసోబెట్టు."

"పరీక్షల బరువు మారొద్దని మీరే గద సార్ చెప్పిండ్రు."

"చపాతి పిండితోటి బండి బాగుచేసే ఇంజనీర్లను ఇప్పుడే చూస్తున్న," అంది సుజాత. పిండి ముద్దలు చేసి అందిస్తూ ఆమె మాతో పాటే వాకిట్లో కూర్చుంది. సైడ్ కవర్ లోపల రెండు చెక్క పట్టీలు అతికించి డప్పు నోరు మూయించాం. ఎండ తగ్గేసరికి సారు బండి దిగి, రెండు చేతులూ పైకెత్తాడు. మూలుగు లేదు. గంగాధర్ నమ్మకుండా ఆయన్ను ఇంకోసారి తిప్పుకొచ్చాడు. నిజంగానే లేదు.

"ఇగ ఎక్కు," అన్నాడు గంగాధర్ భార్యతో. "ఊరి బయటికి పోయి చూద్దాం, ఎవలు ఉండరు."

సుజాత చేతికి అంటిన పిండి గోళ్ళతో తీసుకుంటూ అంది. "ఎక్కితే హోటల్ కాడ్నే ఎక్కుత. నలుగురు ఉన్న కాడ."

చల్లబడితే గాలిలో స్వరం కాస్త కిందికి దిగుతుంది. మధ్యాహ్నం కుదిరిన డబ్బా సాయంత్రం కొద్దిగా తప్పవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పాను.

"మల్ల మూలిగితే?" అని అడిగింది.

"మూలిగితే నాకు చేతగాలేదని గా హోటల్ ముందట నిలవడి చెప్త. నీ మీద పోనియ్య."

ఆమె కొంగు దోపుకుని నడిచింది. హోటల్ ముందు జనం ఎప్పటికన్నా ఎక్కువే ఉన్నారు. పొద్దటి నుంచి సారును మోస్తున్న బండిని చూడటానికి వచ్చినవాళ్ళు. సుజాత ఎవరి వైపూ చూడకుండా సీటు మీద చెయ్యి వేసి, ఎక్కి, నిటారుగా కూర్చుంది. గంగాధర్ మొహంలో మొదటిసారి ముచ్చట్లు లేవు. బండి కదిలింది. రోడ్డు చివరి దాకా పోయి, తిరిగి, వేగం పట్టి, మా వైపు వచ్చింది. వెంకటరావు గారు మీటరు బయటికి కూడా తియ్యలేదు.

హోటల్ ముందు ఒక కుర్రవాడు అలవాటుగా, బండి దగ్గరికి రాగానే, నోటితో "హూఁ..." అని మొదలుపెట్టాడు. బండి చప్పుడు కాకుండా సాగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అతని మూలుగు ఒక్కటే మిగిలింది. అందరూ తిరిగి అతని వైపు చూశారు.

"ఏందిరా, కడుపు నొస్తుందా?" అన్నాడు హోటలాయన.

ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. సుజాత వెనక్కి తిరిగి చూడలేదు. కాని బండి ఇంటి దగ్గర ఆగకుండా ఊరు దాటి పోయింది. చీకటి పడే ముందు వచ్చారు. ఎక్కడికి పోయారని మేము అడగలేదు.

ఆ తర్వాత

ఆఫీసులో ఇంకో యుద్ధం. బండికి ఒక డబ్బా, రెండు పట్టీలు అదనమంటే పైవాళ్ళు ఒప్పుకోరు. పరీక్షలు నెగ్గిన బండికి ఎందుకు ఖర్చు, భార్యలు ఎక్కితే వచ్చే చప్పుడుకు కంపెనీ పూచీ ఏమిటి అని ఒకరు నవ్వించబోయారు. నేను నా గీతల కాగితాలు విప్పబోతుంటే వెంకటరావు గారు చెయ్యి అడ్డం పెట్టి లేచాడు.

"మీటరు లెక్కలు ఉన్నాయి, చూడండి. కాని ముందు నా మాట వినండి," అన్నాడు. "ఆ బండి వెనక నేను కూర్చున్నాను. ఊరంతా నన్ను చూసి నవ్వింది. నాకు ఒక్క పూటే. ఆమె నెలల తరబడి పడింది. డబ్బా పెట్టండి."

పెట్టారు. అంతేకాదు, అప్పటి నుంచి ప్రతి కొత్త బండినీ ఇద్దరు మనుషులతో నడిపి చూడాలన్న నియమం వచ్చింది. వెనక కూర్చోవడానికి ముందుగా ఆ మీటింగులో జోకులేసినవాళ్ళనే పిలిచాను. కొలతల కోసమే. ఇంకే ఉద్దేశం లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీరు నాకన్నా మంచి యంత్రాలతో పనిచేస్తారు. బండి పుట్టకముందే దాని చప్పుడు కంప్యూటర్‌లో వినగలరు. వినండి. కాని చప్పుడు వల్ల ఎవరు తల దించుకుంటున్నారో కంప్యూటర్ చెప్పదు. దానికి వాళ్ళ వాకిట్లో కూర్చోవాలి. అక్కడ మంచి పప్పు కూడా దొరుకుతుంది.

రిటైరయ్యాక జగిత్యాలలో ఇల్లు తీసుకుని గృహప్రవేశం చేసుకున్నాను. వంటలకు వాళ్ళిద్దరినే పిలిచాను. పొద్దున్నే బండి మీద వచ్చారు. గేటు దాకా వచ్చేవరకు నాకు వినపడనే లేదు. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. సిగ్గేమీ లేదు.

సుజాత దిగి, గరిటెల సంచి కింద పెట్టి, భర్త వైపు ఒక చూపు చూసి, నా దగ్గరికి వచ్చింది.

"బండి మూలుగుడు బందైంది అక్కా. గిప్పుడు కోరుట్ల కాడ పాట ఎత్తుకుంటే జగిత్యాల దాక గీయన ఇడువడు. నేనొక్కదాన్నే ఇనాలె," అంది. "జర గీయనకు గూడ ఒక డబ్బా కట్టరాదు?"

గంగాధర్ ఇంకా పాడుతూనే ఉన్నాడు. నిలబడి విన్నాను. నిజంగా అన్యాయంగా పాడుతున్నాడు.